చీర తిప్పి చూసిన పద్మక్క

కొత్త చీర మడత విప్పగానే గంజి వాసన ముక్కుకు తగిలింది. అంచుకు దారంతో కట్టిన చీటీ మీద సంఘం ముద్ర, చీర నంబరు ఉన్నాయి. నేను అవి చదవలేదు. నా చెయ్యి దానంతటదే చీరను తిరగేసింది. పక్కనున్న మా ఆయన "కొన్నదాన్ని గూడ అనుమానిస్తవా?" అని నవ్వాడు. నవ్వనీ. ఈ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు, గద్వాలలో పద్మక్క దగ్గర అంటుకున్నది.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు గద్వాలలో ఒక చేనేత సంఘంలో పనిచేశాను. నేతగాళ్లు తెచ్చిన చీరలకు కంప్యూటర్లో నంబరు ఎక్కించి చీటీ తీయడం నా పని. చీరలో లోపాలు పట్టడం పద్మక్క పని. నలభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, కటువైన మాట. ఎవరినీ నమ్మేది కాదు. నేనిచ్చిన చాయ్ కూడా వాసన చూసి గానీ తాగేది కాదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఆమె ఇంట్లోనూ మగ్గం ఉండేది, కానీ తాను నేసిన చీరను తాను ఎప్పుడూ పరీక్షించేది కాదు, తెచ్చి ఇంకొకరి ముందు పడేసేది. ఎందుకక్కా అని అడిగితే, "నా కండ్లు నా చేతుల దిక్కే మాట్లాడ్తయ్. ఇంకోల్లు జూస్తెనే నిజం తెలుస్తది" అంది.

ఒకనాడు నాగర్‌కర్నూలు నుంచి ఒక బట్టల దుకాణదారు వచ్చి మా బల్ల మీద ఒక చీర విసిరేశాడు. రెండుసార్లు కట్టేసరికే అంచు ఊడిపోతోందని, కొన్నావిడ దుకాణం ముందు నిలబడి తిట్టిపోయిందని గొడవ. చీటీ చూశాను. ముద్ర మాదే. నంబరు కొడితే నరసింహులు పేరు వచ్చింది. ఏళ్ల తరబడి మా సంఘానికి నేస్తున్న పెద్దాయన. పనిలో దగా చేసినవాళ్ల చీరలు మళ్లీ తీసుకోకపోవడం అక్కడి కట్టుబాటు. నేను వెనకాముందు చూడకుండా ఆయనకు ఫోన్ చేసి, "గిట్ల నేస్తరా పెద్దనాయనా? సంఘం ఇజ్జత్ తీస్తిరి!" అని నలుగురూ వినేలా కడిగేశాను. ఆయన ఏదో చెప్పబోతుంటే పెట్టేశాను.

అంతలో పద్మక్క వచ్చింది. చీటీ ముట్టుకోనైనా లేదు. చీరను తిరగేసి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టింది. మా చీరకు నడుమ నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగులు ఒకదానిలో ఒకటి మెలిపడతాయి. వెనకవైపు చూస్తే ఆ మెలిక ఒక్కో నేతగాడిది ఒక్కో తీరుగా ఉంటుంది.

"ఇది నర్సింలు చెయ్యి గాదు" అంది.

"చీటీ మనదే గదక్కా? నంబరు గూడ కలిసింది."

"చీటీ మనదే. నర్సింలు చీరదే. గని ఈ చీరది గాదు. ఏడనో ఇప్పుకొచ్చి దీనికి కట్టిన్రు. చీటీ అసలుదా కాదా అని జూసినవ్ గని, అది ఏ చీర చీటీనో జూడకపోతివి."

ఎక్కడ కొన్నావని ఆమె అడిగేసరికి దుకాణదారు చీర చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నన్ను మాత్రం పద్మక్క వదల్లేదు. నడిపించుకుంటూ నరసింహులు ఇంటికి తీసుకుపోయింది. ఆయన మగ్గం గుంటలోంచి లేవలేదు. తప్పయిందని చెప్పాను. తెగిన పోగు ముడేసుకుంటూనే, "చీటీని నమ్మినంత నన్ను నమ్మకపోతివి బిడ్డా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తిరిగి వస్తుంటే పద్మక్క, "అనుమానం మంచిదే. ముందుగాల వస్తువు మీద పెట్టు. మనిషి మీద పెట్టుడు ఆఖరికి" అంది.

పెళ్లయి వనపర్తికి వచ్చాక ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. తీరిక దొరికినప్పుడు, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే, ఎవరైనా చెయ్యి కలపగలిగే ఒక ప్రోగ్రాముకు కూడా పనిచేస్తాను. ఒక కంప్యూటరు ఇంకోదానితో మాట్లాడే ముందు, అవతలిది తానెవరో రుజువుగా చూపించే సర్టిఫికెట్‌ను పరీక్షించడం దాని బాధ్యత. మొన్న వానాకాలంలో అందులో ఒకచోట నాకు అనుమానం వచ్చింది. సంబంధం తెగి మళ్లీ కలిసేటప్పుడు ముద్ర అసలుదా అని చూస్తోంది గానీ, సర్టిఫికెట్ మీదున్న పేరు మనం పిలిచినవాళ్లదేనా అని చూడటం లేదు. నా సొంత వెబ్‌సైటుకు తీసుకున్న అసలు సర్టిఫికెట్‌ను వేరే పేరున్న చోట పెట్టి చూశాను. ప్రోగ్రాము సరేనంది. రోగుల రిపోర్టులు పంపడానికి దవాఖానలవాళ్లు కూడా దీన్ని వాడుతున్నారు. ఎవడైనా నడుమ దూరి నేనే ఆ దవాఖాన అంటే ఇది నమ్మేసి రిపోర్టులన్నీ వాడి చేతిలో పెడుతుంది.

కొన్ని నెలల ముందే ఒక కొత్త మనిషి మాతో చేరాడు. ఏ ఊరంటే చెప్పడు, ఏం చేస్తావంటే చెప్పడు. ఆ భాగంలో అతను ఏదో మార్చినట్టు గుర్తు. ఇంకేముంది, కావాలనే చేశాడని తేల్చేసుకున్నాను. అతని పేరు పెట్టి, దొంగ అనడం ఒక్కటే తక్కువగా, మిగతా అందరికీ ఉత్తరం రాశాను. పంపబోతుంటే నరసింహులు మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది. మనిషిని పక్కన పెట్టి పని చూద్దామని, ఆ వరుసలు ఎవరు రాశారో పాత మార్పుల్లో వెనక్కి వెళ్లి వెతికాను.

రాసింది నేనే. మూడేళ్ల కింద. 'పరీక్షించాను, సరిగ్గా ఉంది' అని పక్కన రాసుకున్నదీ నేనే. ఆ కొత్త మనిషి చేసిందల్లా అక్కడొక అక్షరదోషం దిద్దడమే.

సిగ్గుతో చచ్చిపోయాను. దిద్దేలోపు దొంగల చెవిన పడకూడదని ప్రోగ్రాము చూసుకునేవాళ్లకు గుట్టుగా రాశాను, లోపం ఇదీ, చేసింది నేను అని. దిద్దుబాటు రాశాక పరీక్షించమని ఆ కొత్త మనిషికే పంపాను. అతను అందులో ఇంకో తప్పు పట్టాడు. అదీ దిద్దాక అందరికీ కొత్త కూర్పు వెళ్లింది.

ఇదంతా చెప్పుకుందామంటే పద్మక్క లేదు, పోయినేడు కన్నుమూసింది. నేను పంపని ఆ ఉత్తరం మాత్రం చెరిపేయలేదు. అతని పేరున్న ప్రతిచోటా నా పేరు పెట్టి దాచుకున్నాను. ఎవరినైనా కడిగేయాలని ఒళ్లు మండినప్పుడు ముందు దాన్ని తీసి చదువుకుంటాను.