బొంబాయిలో దొరకని ముత్తాత

ఆ రోజుల్లో, అంటే నేను ఖతర్‌కు కొత్తగా వచ్చి నజ్మా పేటలోని ఒక గదిలో ఓ మంచానికి యజమానినైన రోజుల్లో, చదువెందుకు మానేశావని ఎవరడిగినా ఒకటే చెప్పేవాణ్ణి: "నేను మానలేదు, ఇద్దరం మాట్లాడుకుని విడిపోయాం." ఏడో తరగతిలో ముగిసిన ఆ కాపురం నుంచి నాకు దక్కిన ఆస్తి, అక్షరం కింద వేలు పెట్టి చదివే అలవాటొక్కటే. అలాంటివాడికి మా నాయనమ్మ పరిశోధన అప్పగించింది. (ఇంట్లో డిగ్రీలున్నవాళ్లు ముందే తప్పించుకున్నారు. డిగ్రీ ఉపయోగం అదే అనుకుంటాను.)

"ఏమ్రా, ఆ ఫోన్ల అందరు దొరుకుతరంట గదా, మా నాయనను దేవులాడు" అంది వీడియో కాల్‌లో. ఆమె చంటిబిడ్డగా ఉండగా వాళ్ల నాయన మగ్గం పనికని బొంబాయి పోయి తిరిగి రాలేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఊరు తీర్పు చెప్పేసింది. ఆ మాట వింటూనే నాయనమ్మ పెరిగింది, పెళ్లాడింది, ముసలిదయింది. "ఎట్ల సచ్చిండని అడుగుతలేను బిడ్డా. మమ్ముల మర్సిండా లేదా, గదొక్కటి సూడు."

నా పక్క మంచం గోదారన్నది. ఓ కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగం, కాగితం కనిపిస్తే ఆకలి మరిచే మనిషి. వలసపోయిన మన నేతవాళ్లను కులసంఘం వాళ్లు పూర్వం ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న జనాభా లెక్కలు ఉన్నాయనీ, వలసపోయిన ఊరికో పుస్తకమనీ, ఎవరో పుణ్యాత్ములు వాటిని ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారనీ ఆయనే కనిపెట్టాడు. శుక్రవారం ఆయన చర్చి నుంచి రాగానే బిర్యానీ ముగించి ఇద్దరం బొంబాయి పుస్తకం మీద పడేవాళ్లం. తెలుగే, కానీ ఆ రాత తెగిన పోగుల కండెలా ఉండేది.

ఓ శుక్రవారం నా వేలు ఆగింది. అదే ఇంటిపేరు, అదే పేరు. పక్కన ఇద్దరు భార్యలు, ఏడుగురు సంతానం! "దొరికిండే!" అని అరిచి ఊరికి ఫోన్ కలపబోతుంటే గోదారన్న చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఆగవయ్యా బాబూ! ఆయన సొంతూరు చదివావా? మీ ఊరేనా? ఎవరి సంసారమో తీసుకెళ్లి ఆ పెద్దావిడ నెత్తిన పెడతావేంటి?"

చదివితే వేరే ఊరు. ఆ ఏడుగురినీ వాళ్ల నాన్నకు అప్పజెప్పి పుస్తకం చివరిదాకా వెళ్లాం. ముత్తాత లేడు. ఊరి తీర్పే ఖాయమేమోనని నాకూ నీరసం వచ్చింది.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. ఇంటింటి సర్వే వాళ్లు వచ్చారట. "నీ పేరు గూడ రాయిచ్చిన కొడుకా, దుబాయ్‌ల ఉంటడని."

"అమ్మా, నేనుండేది ఖతర్‌ల!"

"అన్నీ దుబాయే గదరా" అని పెట్టేసింది.

గోదారన్న పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. "ఇదిగో తమ్ముడూ, ఆ కాలంలో మీ ఊళ్లో బొంబాయంటే ఏది?"

నాయనమ్మకు కాల్ చేసి అడిగాను. "ఏదేంది? మగ్గం పనికి యాడికి వోయినా బొంబాయి వోయిండనే అంటుండె."

మగ్గం పనికి మనవాళ్లు ఎక్కువగా పోయిన ఇంకో ఊరు షోలాపూర్ అని గోదారన్న చెబితే, మర్నాడే ఆ పుస్తకం తెరిచాం. మూడో శుక్రవారానికి దొరికాడు. ఇంటిపేరు, తండ్రి పేరు, మా ఊరు, అన్నీ సరిపోయాయి. సాటి నేతగాళ్లతో ఒక గదిలో వాటా. (మా వంశానికి సొంత గది రాసిపెట్టి లేదు.) ఆయన పేరు పక్క గడిలో ఇలా ఉంది: "భార్య ఒకరు, కూతురు ఒకరు, ఊరిలో."

నాయనమ్మకు వీడియో కాల్ చేసి, అక్షరాల కింద వేలు పెట్టి చదివి వినిపించాను. ఆ తర్వాత ఎందుకు రాలేదో ఆ పుస్తకం చెప్పలేదు. నాయనమ్మ అదీ అడగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "మల్లొక్కసారి సదువు" అంది. చదివాను. "ఆ కూతురు నేనే" అంది, పక్కనున్న అమ్మతో, కొత్తగా తెలిసినట్టు.

ఇప్పుడు నాకు అల్ హిలాల్‌లో సొంతంగా ఓ గది ఉంది, జుట్టే కాస్త ఖాళీ చేసింది. నజ్మా గదిలోని ఆనాటి ఆ కుర్రవాడి సంబరం తలుచుకుంటే నవ్వొస్తుంది. మర్నాడే మళ్లీ ఫోన్ చేసి గొప్పలు పోయాడు మరి: "సూశినవా నాయనమ్మా, ఏడు సదివినోడే నీ నాయనను దొరికిచ్చిండు!"

"మంచిగనే దొరికిచ్చినవు గని," అంది నాయనమ్మ, "ముందుగాల నువ్వు యాడున్నవో మీ అమ్మకు సక్కగ జెప్పి రాయించు. లేకుంటే రేపు నీ మునిమనుమడు దుబాయంత దేవులాడి సస్తడు."