నేను తుడిచేసిన ఖాళీలు

శుభ్రత పిచ్చితో ఒక ఆసుపత్రి ల్యాబును అరగంట ఎక్కువ అల్లాడించిన ఘనుణ్ణి నేను.

రెండేళ్ల క్రితం, నానక్‌రామ్‌గూడ ఆఫీసులో ఒక మధ్యాహ్నం. మేము సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన ఆ ల్యాబులో, రక్తం ట్యూబులకు అంటించే లేబుళ్ల మీద పేషెంటు నంబరు సగానికి తెగి పడుతోంది. ల్యాబు ఇన్‌ఛార్జి యాదగిరి ఫోన్ చేశాడు.

"సార్, అన్నీ చేత్తోని రాస్తున్నం. ఒక్క వార్డులనే ఇద్దరు లక్ష్ములున్నరు. ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతే ఏంది కత? జర జల్ది చెయ్యుండ్రి."

మా సీనియర్ స్వరూప గారు పావుగంటలో మరమ్మతు రాసి ప్యాచ్‌గా మెయిల్ చేశారు. ప్యాచ్ అంటే పాత ప్రోగ్రామ్‌లో ఏ వరుస తీసి ఏది పెట్టాలో చెప్పే చిన్న ఫైలు. చోటు గుర్తుకోసం చుట్టూ ఉన్న పాత వరుసలూ అందులో ఉంటాయి; అవి ప్రోగ్రామ్‌తో పొల్లుపోకుండా కలిస్తేనే అది అతుక్కుంటుంది.

నాకు అతుక్కోలేదు. మూడుసార్లు తిప్పికొట్టింది.

"స్వరూప గారూ, మీ ప్యాచ్‌లో ఏదో తప్పుందండి," అన్నాను, కాస్త గట్టిగానే.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. నా స్క్రీన్ వైపు చూడనైనా లేదు.

"దాన్ని ఎడిటర్ల తెరిచినవా?"

"ఊరికే చూశానండి. ఏమీ మార్చలేదు."

"చూసి, సేవ్ కొట్టినవా?"

నా ఎడమచేతి వంక చూసుకున్నాను. మా వృత్తిలో చేతులకు పని లేకపోతే అవే సేవ్ కొట్టేస్తాయి. వరుస చివర మిగిలే ఖాళీలను, అంటే ట్రెయిలింగ్ వైట్‌స్పేస్‌ను, సేవ్ చేయగానే తుడిచెయ్యమని, ప్రోగ్రాములు రాసుకునే ఆ ఎడిటర్‌కు ఎప్పుడో నేనే చెప్పి పెట్టాను. పాత ప్రోగ్రామ్‌లో ఆ ఖాళీలున్నాయి. నేను సేవ్ కొట్టిన ప్యాచ్‌లో లేవు. ఇక ఎలా కలుస్తాయి?

"మెయిల్లకెంచి మళ్ల తీస్కో. ఈసారి ముట్టకు."

ముట్టలేదు. వరుస చివర ఖాళీలున్నాయని కంప్యూటర్ కాస్త గొణిగింది గానీ, ప్యాచ్ అతుక్కుంది. కాసేపటికి యాదగిరి ఫోటో పంపాడు: ఇద్దరు లక్ష్ములు, రెండు పూర్తి నంబర్లు. కంటికి కనపడని ఖాళీ, అదీ లేకుండా పోయిన ఖాళీ! దాన్ని నా స్క్రీన్ చూడకుండానే, కూర్చున్న చోటి నుంచి పట్టుకున్న ఆ మనిషిని ఇప్పటికీ నోరు తెరుచుకునే చూస్తాను.

తర్వాత నెల రోజులు ఆవిడకు నేను "చీపురు తమ్మీ"నే. పగ తీర్చుకోవద్దూ? వరుస చివరి ఖాళీలను ఎర్రగా చూపించే సెట్టింగ్ పెట్టి, మీటింగులో ఆవిడ పాత ఫైలొకటి పెద్ద తెర మీద తెరిచాను. తెరంతా ఆరబోసిన మిరపకాయలు!

అందరికంటే ముందు ఆవిడే నవ్వారు. "గిన్ని ఉన్నయా! తుడుస్తవా, తమ్మీ?"

"అడగకుండా తుడవనండి," అన్నాను, రెండు చేతులూ కీబోర్డు మీంచి పైకెత్తి.