టైపిస్టు వదిన గిటారు

మా వదినకి సంగీతం పడదు. రేడియోలో పాటొస్తే చాలు, "ఆ గోల కట్టెయ్యండి, తప్పులు పడతాయి" అని కసురుకునేది. కోర్టు వరండాలో టైపు మిషను ముందు కూర్చుని సగం జీవితం గడిపిన మనిషి. అర్జీలో అక్షరం తేడా రానివ్వదు. అలాంటి మనిషి ఈ వేసవంతా మా ముందుగదిలో సోఫా అంచున కూర్చుని, ఎర్ర ప్లాస్టిక్ గిటారు ఒళ్ళో పెట్టుకుని పాటలు వాయించిందంటే ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మేదాన్ని కాదు, పక్కన కూర్చుని ఆటపట్టించింది నేనే కాకపోతే. ఆడపడుచుని, నాకా హక్కుంది.

తడి మెట్ల మీద జారిపడి ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది. చెయ్యి బాగయ్యేదాకా అన్నయ్యనీ వదిననీ మా ఇంటికే తెచ్చేసుకున్నాను. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. డాక్టరు స్పాంజి బంతి చేతిలో పెట్టి, "ఇప్పుడు కదిలించకపోతే ఇలాగే ఉండిపోతాయమ్మా" అని గట్టిగానే చెప్పాడు. వదిన దాన్ని ఒక పూట పిసికి, నొప్పికి నొప్పి, విసుగుకి విసుగూ అని సోఫా కిందికి విసిరేసింది. మా అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. పాపం వంగి తీసిచ్చాడు. మళ్ళీ విసిరింది.

అసలు దిగులు వేరే ఉంది. వరండాలో ఆవిడ టేబులు ఫ్యాను కింద, మెట్లకి దగ్గర. దాని మీద అందరి కన్నూ ఉంది. అక్కడ స్టాంపులమ్మే తాతే వరండా అంతటికీ పెద్దదిక్కు. ఆయన ఒకరోజు ఇంటికొచ్చి, "కోర్టు సెలవులు అయ్యేదాకా ఆ చోట ఎవర్నీ కూర్చోనివ్వనమ్మా. ఆ తర్వాత నా మాట ఎవరు వింటారు? కంప్యూటరు పెట్టుకుంటానని ఒకతను రోజూ తిరుగుతున్నాడు" అని చెప్పి వెళ్ళాడు. వదిన నాకేసి తిరిగింది. "ఆ టేబులు పోతే నేనెవరినే?" అంది.

అప్పుడే మా అమ్మాయి హాస్టలుకి పోతూ వదిలేసిన టీవీ గిటారు ఆట గుర్తొచ్చింది. ఆ గిటారుకి తీగలుండవు. మెడ మీద రంగురంగుల మీటలుంటాయి. టీవీలో అవే రంగుల చుక్కలు పాటతో పాటు కిందికి జారుతుంటాయి. చుక్క గీత దగ్గరికి రాగానే ఎడమ చేత్తో ఆ రంగు మీట నొక్కి, కుడి చేత్తో తీగల చోట ఉన్న పట్టీ కొట్టాలి. తప్పితే టీవీలో జనం హో అని గోల పెడతారు.

"పిల్లలాట. నాకెందుకు?" అంది వదిన.

"అవున్లే వదినా, నీకు రాదులే. కష్టం."

ఆ ఒక్క మాట చాలు ఆవిడకి. గిటారు నా చేతుల్లోంచి లాక్కుంది.

మొదటిరోజు తమాషా చూడాలి! నడుం నిటారుగా, కాళ్ళు రెండూ కలిపి, అచ్చం వరండాలో కూర్చున్నట్టే కూర్చుంది. తప్పు పడగానే, "ఆపు, ఆపు! దిద్దుకోవాలి" అని కేకేసింది.

"ఇక్కడ దిద్దుకోడాల్లేవు వదినా. పాట ఆగదు."

"ఇదెక్కడి పద్ధతి?" అని టీవీకేసి గుడ్లురిమింది. జనం గోల పెట్టేసరికి ముక్కు ఎర్రబడింది. "నన్నంటానికి వాళ్ళెవరు? జడ్జిగారే ఎప్పుడూ ఒక్క మాటనలేదు!" అన్నయ్య ఫక్కున నవ్వి, వెంటనే తల దించుకుని పేపరు వెనక దాక్కున్నాడు.

నా వంతొస్తే మాత్రం నెత్తి మీద మొట్టికాయే. "వేళ్ళకేసి చూడకు! చూస్తే చెయ్యి భయపడుతుంది." తన దగ్గర టైపు నేర్చుకోడానికొచ్చిన వాళ్ళందరికీ ఆవిడ చెప్పే మొదటి పాఠం ఇదేనట. తల ప్రాణం తోకకొచ్చేది గానీ, మాట్లాడకుండా నేర్చుకున్నాను.

పంతం మనిషి కదా, వదిలిపెట్టలేదు. ముందు ఆకుపచ్చ మీట నొక్కడానికే పళ్ళు బిగబట్టేది. తర్వాత ఎరుపు, పసుపు కూడా లొంగాయి. చిటికెన వేలు అన్నిటికంటే ఆఖర్న దారికొచ్చింది. స్పాంజి బంతి సంగతి అందరం మర్చిపోయాం.

సెలవులు అయిపోవచ్చాయి. అన్నయ్య వాళ్ళింటి నుంచి టైపు మిషను తెచ్చి, దుమ్ము తుడిచి, భోజనాల బల్ల మీద పెట్టాడు. వదిన కాగితం ఎక్కించింది. వేళ్ళు టకటకా పరిగెత్తాయి. మా ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. వరస చివరికి రాగానే మిషను టింగుమంది. అప్పుడు ఎడమ చేత్తో పక్కనున్న లివరు తోస్తే గానీ కాగితం కొత్త వరసకి రాదు. వదిన మణికట్టుకేసి చూసుకుంది. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. "వెనక్కి వంగట్లేదు" అంది మెల్లగా. మిషను మీద గుడ్డ కప్పేసి, "ఆ చోటు అతనికే ఇచ్చెయ్యమని తాతతో చెప్పండి" అని లోపలికెళ్ళిపోయింది.

ఏదో ఒక వేళాకోళం ఆడదామనుకున్నాను. మానేసి, గిటారు గోడకి చేరేశాను.

మర్నాడు సాయంత్రం తనే వచ్చి సోఫాలో కూర్చుంది. "పెట్టవే."

"ఏ పాట?"

"ఏదో ఒకటి. ఇంకేం పనుంది నాకు?"

కొత్త పాట పెట్టి, కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన చేరాను. హుషారైన పాట. వదిన కళ్ళు టీవీకే అతుక్కుపోయాయి, ఒక్క చుక్కా తప్పట్లేదు. సరిగ్గా చరణం చివర టీవీలోంచి "టింగ్" అని సన్నగా గంట మోగింది. అంతే! వదిన ఎడమ చెయ్యి గిటారు వదిలేసి, పైకి లేచి, గాల్లో ఒక్క తోపు తోసింది. నా గ్లాసు ఎగిరిపోయింది. కాఫీ అంతా నా మీదే. టీవీలో జనం హో అని గోల.

"ఛీ, పాడు అలవాటు! వరస అయిపోయిందనుకున్నానే" అని వదిన తనని తనే తిట్టుకుంటోంది.

"చూసుకోవద్దూ వదినా, ఒళ్ళంతా..." అని దులపరించుకుంటూ ఆగిపోయాను. "వదినా, ఏ చేత్తో కొట్టావు?"

"ఏ చేత్తో ఏంటే? లివరు ఎవరైనా ఏ చేత్తో తోస్తారు? ఎడమ..."

మెల్లగా తల దించి ఆ చేతికేసి చూడబోయింది.

"చూడకు!" అని అరిచాను. "చూస్తే భయపడుతుంది!"

అన్నయ్య పేపరు పారేసి లోపలికి పరిగెత్తాడు. మిషను మోసుకొచ్చి వదిన ముందు పెట్టాడు. వదిన కళ్ళు గట్టిగా మూసుకుని కొట్టడం మొదలెట్టింది. మిషను టింగుమంది. లివరు కిర్రుమంటూ కుడి పక్కకి పోయింది. ఇంకో వరస. ఇంకోటి. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "నొప్పిగా ఉందా?" అని అన్నయ్య అడిగితే, "ఉంది. ఉండనీండి" అంది.

కోర్టు తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. కంప్యూటరు అతను సంచీ చంకన పెట్టుకుని కాసేపు ఆ టింగు టింగులు విని, పక్క వరండాకి వెళ్ళిపోయాడు. స్టాంపుల తాత తన సంపాదనేదో నిలబడినట్టు మురిసిపోయాడు.

ఆదివారాలు వదిన ఇప్పటికీ వస్తుంది. ఆ పాట ఒక్కటి మాత్రం దాటలేదు. అక్కడికి రాగానే టింగుమంటుంది, చెయ్యి ఎగురుతుంది, జనం గోల పెడతారు. నేను కాఫీ గ్లాసు ముందే దూరంగా పెట్టుకుంటాను.

"వెధవ జనం, మళ్ళీ మొదలెట్టారు" అంటాను.

"అరవనీవే" అంటుంది వదిన.