బండి మీంచి పడినవాడి మోచేతులు

2022 వేసవి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లకు దగ్గరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, క్యాజువాల్టీ నర్సుగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం సింహాచలం అనే తెలుగు షంటింగ్ మనిషిని జతగాడు సాహు ఆటోలో తీసుకొచ్చాడు. షంటింగ్ అంటే రైలు పెట్టెలను తగిలించడం, విడదీయడం.

"బండి మీంచి పడిపోనాను చెల్లమ్మా. నడుం పట్టీసింది, ఇంకేటీ నేదు," అన్నాడు సింహాచలం. బీపీ బాగానే ఉంది, నాడి మాత్రం పరుగెడుతోంది. డాక్టరు ఎక్స్‌రేకు పంపమని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లారు.

నాకు ఆరా తీసే జబ్బుంది. మా ఇంట్లో దాన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. మోటారుసైకిలు మీంచి పడితే మోచేతులు గీసుకుపోవాలి కదా? ఇతనికి ఒక్క గీత లేదు. చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు. గుండీలు విప్పితే పొట్ట మీద నల్లటి గ్రీజు మరక, వీపు వైపు చూస్తే అక్కడా అదే. ఎలా పడితే రెండు వైపులా గ్రీజు అంటుతుంది?

డాక్టరును వెనక్కి పిలిచాను. ఆయన ఎంత అడిగినా సింహాచలం బండి మాటే మళ్లీ చెప్పాడు. నేను సాహును వరండాలోకి తీసుకెళ్లాను. యార్డులో ప్రమాదం జరిగితే వేసే ఎంక్వయిరీ అంటే ఈ ఊళ్లో ఎంత భయమో రైల్వే ఇంట్లో పుట్టిన నాకు తెలియంది కాదు.

"నీ ఉద్యోగం సంగతి రేపు చూసుకోవచ్చు భయ్యా. ఆయన సంగతి ఇప్పుడే చూడాలి," అన్నాను హిందీలో.

అతను గోడకు ఆనుకుని చెప్పాడు. తను తొందరపడి చేతి సిగ్నల్ ఇచ్చాడట. సింహాచలం రెండు పెట్టెల బఫర్ల మధ్య, అంటే కొసల్లో ఉండే ఇనుప దిమ్మల మధ్య, నలిగాడట. సాహు ఉద్యోగం పోనివ్వనని మాట ఇచ్చి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, చొక్కా మార్పించుకున్నది సింహాచలమేనట.

నలిగాడని తెలియగానే పని మారిపోయింది. విరిగిన ఎముకలు కదలకుండా తుంటి చుట్టూ పెల్విక్ బైండర్ అనే పట్టీ బిగించాం. పొట్టలో రక్తాన్ని వెతికే ఫాస్ట్ స్కాన్ చేస్తుండగానే బీపీ జారిపోయింది. రక్తం ఎక్కిస్తూ థియేటర్‌కు తోసుకెళ్లాం. ఎక్స్‌రే వరుసలో ఉంచి ఉంటే దక్కేవాడు కాదని సర్జన్ తర్వాత అన్నారు.

బతికాడు. సాహు తనే వెళ్లి నిజం చెప్పి సస్పెండయ్యాడు. వార్డుకు చూడబోతే సింహాచలం మొహం తిప్పుకున్నాడు.

"నా పేనం నిలబెట్టినావు చెల్లమ్మా. నా మాట పోగొట్టీసినావు."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా దగ్గర స్కాన్ ఉంది, రక్తం ఉంది, సర్జన్ ఉన్నారు. అన్నీ ఉండి కూడా, స్నేహితుణ్ణి కాపాడబోయిన మనిషి మా కళ్లముందే పోయేవాడు. అప్పటి నుంచి ఎక్కడ నొప్పి అనడానికి ముందే ఎలా తగిలిందని అడుగుతాను. తీసుకొచ్చినవాళ్లను విడిగా మళ్లీ అడుగుతాను. చెబితే ఉద్యోగానికి ఏమీ కాదని మాత్రం ఇప్పటికీ ఎవరికీ మాట ఇవ్వలేకపోతున్నాను.