మల్లెలకు కొట్టిన పత్తిమందు

పినపాక దగ్గర మా ఇంటి వెనక ఇరవై దాకా మల్లె పొదలుండేవి. చలికాలంలో అమ్మ కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీళ్లు ఆపేది. ఎండలు ముదిరేసరికి పొదల నిండా మొగ్గలే. నేను పదో తరగతి రాసిన ఏడు మాత్రం మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలిపోసాగాయి. విప్పి చూస్తే లోపల పురుగు.

"పత్తికి కొట్టంగ మిగిలిన మందున్నది గదా, గదే కొడదాం" అంది అమ్మ.

నేను మందు కొట్టే పంపులో నీళ్లు పోశాను. ఆమె కొట్టింది.

మర్నాడు తెల్లారేసరికి పొదల కింద తేనెటీగలు చచ్చి పడి ఉన్నాయి. అమ్మను పిలిచి చూపించాను.

"ఎండకు సచ్చినయేమో. జల్దీ తెంపు, పెండ్లోళ్లు ఎదురుచూస్తున్నరు" అంది, నా ముఖం చూడకుండా.

ఒక గంప మొగ్గలు పెళ్లింటికి పంపేశాం. మిగిలినవి పక్కింటి పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని దండ కడుతోంది. పూలు పట్టిన వేళ్లతోనే దారాన్ని నోటికి అందించుకుని పళ్లతో బిగబట్టడం ఆమెకు అలవాటు. సగం దండ అయ్యాక ఆమె చేతులు ఆగాయి.

"నోట్ల ఊకె నీళ్లూరుతున్నయే బిడ్డా. కండ్లు మసకలైతున్నయి."

మాట పూర్తికాకుండానే వాంతి చేసుకుంది. చొంగ గడ్డం మీదుగా కారుతోంది. అమ్మ ముఖం పాలిపోయింది.

"నువ్వు పెండ్లింటికి ఉరుకు! ఆ పూలు ఎవల్నీ ముట్టనియ్యకు!" అని అరిచి, పెద్దమ్మను ఆటోలో ఎక్కించుకుని దవాఖానాకు పోయింది.

నేను వెళ్లేసరికి పెళ్లికూతురికి పూలజడ కుట్టేస్తున్నారు. ఒక చిన్నపాప మొగ్గను పెదాల మధ్య పెట్టుకుని ఆడుతోంది. నేను దాన్ని లాగేసి పారేశాను. పాప గొల్లుమంది.

"ఏందే పిల్లా, పిచ్చి లేసిందా?" అంది పెళ్లికూతురి తల్లి.

"మందు కొట్టినం అత్తా. పత్తిమందు."

పెళ్లికూతురే జడలోంచి పూలు పీకి కింద పడేసింది. పాప నోరు కడిగారు, అందరూ సబ్బుతో చేతులు తోముకున్నారు. చివరికి ఆ తల్లి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "తెలిసే పంపిండ్రా?"

నేను వంగి, కింద పడ్డ పూలు గంపలోకి ఎత్తసాగాను.

అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దమ్మ నాలుగో రోజున ఇంటికొచ్చింది. చాలా రోజులు చేతులు వణికేవి. అమ్మ రోజూ జావ కాచి తీసుకెళ్లి తాగించేది. పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. అదే అమ్మను ఎక్కువ భయపెట్టింది.

ఆ ఎండాకాలమంతా తెంపేవాళ్లు లేక మొగ్గలన్నీ చెట్టుకే విచ్చుకున్నాయి. సాయంత్రం అయ్యేసరికి ఇల్లంతా మల్లెల వాసన. అమ్మ లేచి వెనక కిటికీ మూసేది.