రాణిగారి సీను అయ్యేదాకా

సినిమా హాల్లో గేటు కాసేవాళ్ళు జనాన్ని లోపలికి పంపుతారు. మా మామయ్య బయటికి పోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఏ హాల్లోనైనా అడ్డూ ఆపూ లేకుండా తలుపు తెరుచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆయన ఆపింది అన్ని సినిమాలకూ కాదు లెండి. ఆదివారం పొద్దుటాటగా వేసే ఒక పాత జానపదానికే. యుద్ధానికి వెళ్ళిన రాజు కోసం ఎదురుచూసి ఎదురుచూసి రాయైపోయిన రాణి కథ. కథ గొప్పదే, తీసినవాళ్ళే గంగలో కలిపారు. కోట గాలికి ఊగేది. రాజుగారి మీసం ఒకవైపు ఊడి, యుద్ధమంతా వేలాడేది. ఇంటర్వెల్ తర్వాత జనం చెప్పులు వెతుక్కునేవాళ్ళు. మామయ్య తలుపుకు అడ్డంగా చేతులు చాపేవాడు.

"రాణిగారి సీను రాలేదింకా. కూర్చోండి."

"అర్జెంటు పనుందయ్యా!"

"బయట కుండపోత వాన."

తలుపు సందులోంచి ఎండ ఆయన బట్టతల మీదే పడుతుండేది.

ఒకాయన చేతులు పట్టుకున్నాడు. "మా ఆవిడ ఆస్పత్రిలో ఉందయ్యా, పురుడొచ్చే టైము!"

"మరి నువ్వు సినిమాకెలా వచ్చావు?"

ఆయన వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

ఆ సీన్లో మాటల్లేవు. రాణి రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంటుంది. దీపం కొండెక్కాక రెండో కంచం తుడిచి బోర్లిస్తుంది. అంతే. ఊగే కోట ఇక ఎవరికీ కనిపించేది కాదు. నమిలే నోళ్ళు కూడా ఆగిపోయేవి.

"కోట అట్టదైతే ఏంరా, ఆ చూపు అట్టది కాదుగా!" అని మామయ్య నా మీద ఎగిరేవాడు, నేనేదో కాదన్నట్టు.

ఆయనకు జ్వరమొచ్చిన ఆదివారం, టికెట్లిచ్చే నేనే గేటు దగ్గర నిలబడ్డాను. పోతామన్నవాళ్ళను పోనిచ్చాను. తలుపు చప్పుడైనప్పుడల్లా చివరి వరుసలో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. ఆట అయ్యాక నా దగ్గరికొచ్చింది.

"ఇవాళ అందరూ లేచిపోయారేం బాబూ? నా సీను అంత పాతబడిపోయిందా?"

ముఖం ముడతలు పడింది గానీ, కంచం బోర్లించిన చూపే అది.

సంగతి వినగానే మామయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "నా కొంప ముంచావు కదరా!"

"ఆవిడొస్తుందని నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే ఊరంతా టముకేస్తావు. జనం ఆవిడ్ని చూడ్డానికొస్తారు. ఇక రాణిని చూసేదెవడు?"

"అలా కూర్చోబెట్టడం మోసం కాదూ?"

"తలుపు మూసినంతవరకే మోసం. సీను మొదలవగానే బార్లా తెరిచేసేవాణ్ణి. ఒక్కడైనా కదిలాడా?"

పెళ్ళి చేసుకోని మామయ్యను ఇంకొకటి అడగాలనిపించింది. "ఆవిడతో ఎప్పుడైనా మాట్లాడావా?"

"వారం వారం మాట్లాడతా. 'చివరి వరుస ఖాళీగా ఉందమ్మా' అంటా."

"ఆవిడేమంటుంది?"

"'ఊఁ' అంటుంది," అని దుప్పటి ముసుగేసుకున్నాడు.

ఆవిడ మళ్ళీ వస్తుందో రాదోనని ఆ వారమంతా మా ఇద్దరికీ నిద్ర లేదు. ఆదివారం మామయ్య మఫ్లర్ చుట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ వచ్చింది. టికెట్ చాపి, ఆయన ముఖంలోకి చూసింది.

"పోయిన వారం మీరు లేరు. ఆట ఏం బాగోలేదండీ."

మామయ్య టికెట్ చింపడం కూడా మర్చిపోయి, "ఊఁ" అన్నాడు.