గుండ్లు లేని కొండ

అమెరికాలో ఉందంటున్న ఆ ఎడారిని నేను ఎప్పుడూ చూడలేదు. ఇంగ్లండులో మేముండే స్టీవెనేజ్‌లో శనివారం ఆయిల్ పెయింటింగ్ క్లాసులో టీచర్ అందరికీ ఒకే ఫొటో ఇచ్చింది. ఎర్రటి నేల, ముళ్లపొదలు, వెనక నున్నటి కొండ. క్లాసులో తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ అక్కా. సొంత అక్క కాదు, గుంటూరు నుంచి వచ్చిన నర్సు. ఈ ఊళ్లో కారు నడపడం దగ్గర్నుంచి జీపీ, అంటే ఇక్కడి పేట డాక్టరు, దగ్గర పేరు రాయించుకోవడం దాకా నాకు అన్నీ నేర్పింది ఆవిడే.

ఫొటోలో లేని మూడు గుండ్లు, పెద్ద బండరాళ్లు, నా బొమ్మలో కొండ నెత్తిన పెట్టాను. అనంతపురం పక్కన మా ఊరి కొండ మీద అలాంటివే ఉంటాయి. చిన్నప్పుడు బస్సులో నిద్రపోతుంటే ఊరొస్తోందని నాన్న తట్టి లేపేవాడు, గుండ్లు కనబడ్తాండాయి, లెయ్యి అని. ఆయన పోయాక ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఒకరోజు బ్రష్షులు కడుగుతూ అక్కకు ఒక్కదానికే చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా.

ఆయిల్ రంగు ఆరడానికి రోజులు పడతాయి. ఆ వాసన మా పాపకు పడదు కాబట్టి బొమ్మను అక్కవాళ్ల గరాజ్‌లో ఉంచాను. క్లాసువాళ్ల ఎగ్జిబిషన్ దగ్గరపడిందని తెచ్చుకోవడానికి వెళ్తే, కొండ నున్నగా ఉంది. గుండ్లున్న చోట శుభ్రమైన నీలి ఆకాశం. ఇంకెవరి బొమ్మో అనుకున్నాను. కానీ కింద ఆ వంకర ముళ్లపొదలు నావి కాక ఎవరివి?

"ఎందుకు చెరిపినావక్కా?"

"ఫొటోలో లేవు కదే అవి. నలుగురూ వచ్చి చూస్తే నవ్వుతారు. ఇంకా పచ్చిగానే ఉంది కదా అని సరిచేశా."

ఏదో మేలు చేసినదానిలా, టీ పెడతానంటూ లోపలికి వెళ్లబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. తెలియని మనిషి చెరిపి ఉంటే ఇంత బాధ లేదు. అవేమిటో తెలిసి చెరిపింది ఈవిడ. నమ్మి చెప్పినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

బల్ల మీద రంగు గీకే కత్తి ఉంటే తీసుకుని ఆ ఆకాశాన్ని గీకాను. పైపూత పోతే కింద నావి బయటపడతాయని ఆశ. పచ్చి రంగు మీద పచ్చి రంగు, ఎక్కడ విడిపోతుంది? ఆవిడ నీలంతో పాటు నా ఎరుపు కూడా బురదలా కలిసి కత్తికి వచ్చేసింది. కొండ నెత్తిన ఉత్త కాన్వాసు గుడ్డ మిగిలింది.

అక్క కంగారుపడింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నేనే మళ్లీ వేసిస్తాలేవే. ఎన్ని ఉండేవి, రెండా?"

ఆ చెయ్యి తీసేసి, కత్తి బల్ల మీద పెట్టేశాను. కారులో దింపుతానంటే వద్దని, బొమ్మను చంకన పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా రంగు నా కోటుకు అంటుకుంటూనే ఉంది.